ఇరవై నాలుగు వోల్టులు

అనంతపురం,
ఫిబ్రవరి 20

మార్కండేయ అన్నకు,

తల తిరుగుడు తగ్గలేదని, బస్సు ఎక్కొద్దని డాక్టరు అన్నాడని నీ కూతురు జ్యోతిలక్ష్మి చెప్పింది. నీకు ఫోన్లో వినపడదు, ఫోన్లో అక్షరాలు కనపడవు. బోర్ల సీజన్‌లో షాపు మూసి నేను ధర్మవరం రాలేను. అందుకని కాగితం మీద రాసి సాయంత్రం బస్సు కండక్టరుకు ఇస్తున్నాను. అల్లుడిని బస్టాండుకు పంపు.

షాపులో ఒక కారు ఉంది. మూడు బోరు లారీలు నడిపే భరత్‌ది. రెండే తలుపులు, రెండే సీట్లు. బయటి దేశంలో చేసిన స్పోర్ట్స్ కారు, బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. తాళం తిప్పే పని ఉండదు. కీ జేబులో ఉంటే చాలు, బ్రేకు తొక్కి బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది. పోయిన ఆదివారం నుంచి బటన్ నొక్కినా కదలిక లేదు. స్టీరింగ్ కుడివైపు తిరిగి లాక్ అయిపోయింది. డ్యాష్‌బోర్డు మీద పసుపు కీ బొమ్మ వెలుగుతోంది. లారీ మీద తెచ్చారు. ముందు చక్రాలు వంకరగా ఉండటంతో దించడానికే గంట పట్టింది.

చూసినవి రాస్తున్నాను. బ్యాటరీ పన్నెండున్నర వోల్టులు ఉంది. కీలు రెండూ కంపెనీవే, వాటిలో బిళ్ల బ్యాటరీలు కొత్తవి వేశాను. బ్రేకు తొక్కితే వెనక లైటు వెలుగుతోంది, కనుక బ్రేకు స్విచ్చి బాగుంది. ఫ్యూజులు బాగున్నాయి. స్టీరింగ్‌ను పట్టి ఉంచే పిన్నును ఈ బండిలో చిన్న మోటారు లాగుతుంది. పిన్ను తప్పుకుందని తెలిశాకే ఇగ్నిషన్‌కు కరెంటు పోతుంది. బటన్ నొక్కగానే లాక్ దగ్గర టక్కుమనాలి. అనడం లేదు.

ఇది రిపేరుతో పోయే సంగతి కాదు. కారు డ్రైవరు ప్రతాప్ మీద భరత్ స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చాడు. "దొంగ కీ పెడితేనే ఆ పసుపు బొమ్మ వస్తాదంట హేమక్కా, ఫోన్లో చూసినా. వాడు డూప్లికేట్ చేపించినాడు, నా కారు యాడికో తోలాలని" అన్నాడు. పోలీసులు ప్రతాప్ లైసెన్సు తీసుకున్నారు. రోజూ పొద్దున స్టేషన్‌కు రమ్మంటున్నారు. ఇంకా కేసు కట్టలేదు. బండి చూసి కారణం రాసివ్వమని ఎస్సై నన్ను అడిగాడు. నా కాగితం వచ్చాక తేలుస్తాడట.

లాక్ యూనిట్‌ను పట్టిన బోల్టులకు తలల్లేవు. ఈ పని నేర్పినవాడివి నువ్వే, ఎలా విప్పాలో రాయి.

హేమావతి


ధర్మవరం,
ఫిబ్రవరి 22

హేమకు,

ఇంట్లో రెండు మగ్గాలు ఆడుతున్నాయట. నాకు నేల అదురు తప్ప ఏమీ తెలియదు. నీ కాగితం రెండుసార్లు చదివాను.

ఆ బోల్టులను బిగించేటప్పుడే తల తెగిపోయేలా చేస్తారు, దొంగలు విప్పకూడదని. సన్న ఉలిని అంచుకు పెట్టి ఎడమవైపుకు కొట్టు. తిరుగుతుంది. విప్పే ముందు చేయాల్సినవి ఉన్నాయి. ఒకరిని బటన్ నొక్కమని నువ్వు స్టీరింగ్‌ను అటూ ఇటూ ఊపు. చక్రాల బరువు పిన్ను మీద పడి ఉంటే మోటారు దాన్ని లాగలేదు. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో లాక్ మీద తట్టు. తట్టినప్పుడు కదిలితే మోటారు పట్టేసినట్టు. కదలకపోతే లాక్‌కు వచ్చే వైరు చూడు. వోల్టు మీటరు వద్దు, టెస్ట్ ల్యాంపు పెట్టు. ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా మీటరు పన్నెండు చూపిస్తుంది. ల్యాంపు వెలగాలంటే కరెంటు పారాలి. ఎర్త్ కూడా అలాగే చూడు. చప్పుడు కోసం చెవి పెట్టకు, వేళ్లు పెట్టు. మోటారు ఏ కొంచెం తిరిగినా వేళ్లకు తెలుస్తుంది.

పసుపు బొమ్మ లాక్ తెరుచుకోకపోయినా వస్తుంది. దొంగ కీ అనడానికి అది చాలదు. ఈ మాట భరత్‌కు, ఎస్సైకి ఈరోజే చెప్పు. మనిషి స్టేషన్లో ఉన్నప్పుడు రిపోర్టు పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు.

ఈ బండి మీద ఇంతకుముందు ఎవరు చెయ్యి వేశారు? ఎప్పుడు, ఏం చేశారు? నాకు అది ముందు కావాలి.

మార్కండేయ


అనంతపురం,
ఫిబ్రవరి 25

అన్నకు,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఊపినా తట్టినా కదల్లేదు. ల్యాంపు బాగా వెలిగింది. ఎర్త్ బాగుంది. బటన్ నొక్కినప్పుడు వేళ్లకు ఏమీ తగల్లేదు. అంటే కరెంటు లాక్ దాకా వస్తోంది, లాక్ పని చేయడం లేదు. బోల్టులు ఉలితో వచ్చాయి. యూనిట్ మూత తీసి చూస్తే లోపల బోర్డు మీద ఒకచోట గోధుమ రంగు మచ్చ ఉంది. నీళ్లు పోయి ఉంటాయనుకుంటున్నాను. యూనిట్‌ను ఈ కాగితంతోపాటు పెట్టెలో పంపుతున్నాను.

పసుపు బొమ్మ గురించి భరత్‌కు చెప్పాను. "అయితే నీళ్లు కొట్టినాడు. బోరు లారీ కడిగే పంపుతో లోపలంతా కడిగినాడు వాడు. అదన్నా రాయి" అన్నాడు. ఎస్సై మాత్రం రాతపూర్వకంగా ఇవ్వమన్నాడు.

నిన్న ప్రతాప్ భార్య ఎస్తేరు వచ్చింది. స్కూల్లో పిల్లలకు అన్నం వండుతుంది. వంట ముగించుకుని చేతులు కూడా తుడుచుకోకుండా వచ్చింది. "కొట్టలేదక్కా. ఏమీ అడగరు. పొద్దన్నుంచి బెంచీ మీద కూసోబెడతాండారు, అంతే. స్టేషన్ రోడ్డు మీదనే ఉండాది కదా. స్కూలుకు పిల్లోళ్లను దించే వాళ్లంతా చూస్తాండారు" అంది. కాఫీ తెప్పిస్తే తాగలేదు. "నువ్వు ఎప్పుడు రాస్తావక్కా?" అని అడిగి పోయింది.

బండి మన షాపుకు రావడం ఇదే మొదటిసారి.

హేమావతి


ధర్మవరం,
ఫిబ్రవరి 28

హేమకు,

యూనిట్ అందింది. భూతద్దం కింద పెట్టి జ్యోతిలక్ష్మికి కూడా చూపించాను. ఆ పిల్ల పట్టుచీర జరీలో తెగిన పోగు పట్టే కళ్లది.

ఇది నీళ్లు కాదు. నీళ్లు పోతే బోర్డు మీది పిన్నుల మొదట్లో పచ్చగా, తెల్లగా బూజులా పడుతుంది. ఇందులో ఎక్కడా పచ్చ లేదు. మచ్చ వేడిది. బోర్డులోకి కరెంటు వచ్చే మొదట్లో, ఎక్కువ వోల్టేజీ వస్తే తను తీసుకుని మిగతాదాన్ని కాపాడే చిన్న ముక్క ఒకటి ఉంది. అది పగిలింది. పూర్తిగా కాలిపోలేదు, సగం కాలి తర్వాత మెల్లగా చచ్చింది. వారాలు పట్టి ఉంటుంది. యూనిట్‌ను తిరిగి పంపుతున్నాను, నువ్వూ చూడు.

పన్నెండు వోల్టుల బండిలో ఆ ముక్క పగలదు. రెండింతలు వస్తే పగులుతుంది. ఆల్టర్నేటర్ చెడితే పదహారో పదిహేడో వస్తుంది, ఆ లెక్కన బల్బులు కూడా పోవాలి. నువ్వు బల్బుల మాట రాయలేదు, కనుక బాగున్నాయనుకుంటున్నాను. అంటే కొద్ది క్షణాలు మాత్రమే ఇరవై నాలుగు వచ్చింది. మన ఊళ్లల్లో అది ఎక్కడి నుంచి వస్తుందో నీకు చెప్పక్కర్లేదు.

బ్యాటరీ దిగినప్పుడు వేరే బండి నుంచి వైర్లు కలిపి ఈ కారుకు స్టార్ట్ ఎవరిచ్చారు? ప్రతాప్‌ను అడిగి రాయి.

మార్కండేయ


అనంతపురం,
మార్చి 6

అన్నకు,

రెండు బోరు లారీలు ఒకేసారి వచ్చాయి. ఉరవకొండ వైపు ఎనిమిది వందల అడుగులు దాటినా నీళ్లు పడటం లేదట, ఆపకుండా వేస్తున్నారు. వైరింగులు మాడిపోతున్నాయి. రాయడానికి కుదరలేదు.

ప్రతాప్ ఏమీ చెప్పడం లేదు. నీళ్లని రాసిస్తే మేలేమో అనిపిస్తోంది. నీళ్లంటే అజాగ్రత్త, దొంగతనం కాదు. పోలీసులు వదిలేస్తారు. ఉద్యోగం ఎలాగూ పోయింది.

హేమావతి


ధర్మవరం,
మార్చి 8

హేమకు,

నేను ఒకటే అడిగాను. దానికి తప్ప అన్నింటికీ జవాబు రాశావు.

నువ్వు ఏ బండిని చూసినా ముందు బ్యాటరీ ఎప్పటిదో, ఎప్పుడు దిగిందో రాస్తావు. నేనే నేర్పాను. ఈసారి పన్నెండున్నర అని ఊరుకున్నావు. మన షాపుకు రావడం మొదటిసారి అన్నావు. నీ చేతికి రావడం మొదటిసారా?

మార్కండేయ


అనంతపురం,
మార్చి 11

అన్నకు,

కాదు.

జనవరి 19, ఆదివారం. ఉరవకొండ అవతల చేనులో భరత్ లారీ ఒకటి ఆగిపోతే పోయాను. తిప్పేస్వామి తోలే లారీ. పని ముగిసే సమయానికి ప్రతాప్ నడిచి వచ్చాడు. భరత్ బెంగళూరులో ఉన్నాడని, చెప్పకుండా కారు తీసుకుని ఉరవకొండలో ఉన్న వాళ్లమ్మ నల్లమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమెను పక్క సీట్లో కూర్చోబెట్టి ఊరంతా ఒక చుట్టు తిప్పాడు. తర్వాత చుట్టాలు చూడటానికి వస్తే లైట్లు, పాటలు పెట్టి చూపించాడు. బ్యాటరీ దిగింది. "అక్కా, చీకటి పడేలోగా కారు సార్ ఇంటికాడ పెట్టేయాల నేను" అన్నాడు.

లారీని కారు దగ్గరికి తీసుకుపోయాం. లారీలో రెండు బ్యాటరీలు, ఒక్కోటి పన్నెండు, కలిపి ఇరవై నాలుగు. కారుకు ఒక్కదాని నుంచే ఇవ్వాలి. ఎర్ర క్లిప్పును రెండో బ్యాటరీ ప్లస్‌కు పెట్టాను. నల్లదాన్ని అదే బ్యాటరీ మైనస్‌కు పెట్టాలి. వైరు అందలేదు. పన్నెండేళ్లుగా బోరు లారీలకు చేస్తున్న చెయ్యి, ఎర్త్ అంటే బాడీనే అనుకుని, లారీ ఛాసిస్‌కు తగిలించింది. రెండు బ్యాటరీలూ కలిసి కారులోకి పోయాయి. లోపలి లైటు తెల్లగా వెలిగింది. చూసి పీకేశాను. నాలుగు సెకన్లు. మళ్లీ సరిగా పెట్టాను, స్టార్ట్ అయింది. అన్నీ పనిచేశాయి. ఏమీ కాలేదనుకున్నాను.

నేను క్లిప్పు మార్చడం తిప్పేస్వామి చూశాడు. ప్రతాప్ కారులో ఉన్నాడు. అతనికి ఇరవై నాలుగు సంగతి తెలియదు.

పోయేటప్పుడు అతను, "ఈ పొద్దు సంగతి ఎవురికీ చెప్పొద్దక్కా, సార్‌కు తెలిస్తే పని పోతాది" అన్నాడు. సరే అన్నాను. కారు షాపుకు వచ్చిన రోజు మళ్లీ అదే అడిగాడు. మళ్లీ సరే అన్నాను. అతను తన కోసం అడిగాడు. నేను నా కోసం ఒప్పుకున్నాను. ఇరవై రోజులుగా అతను బెంచీ మీద కూర్చుంటున్నాడు.

హేమావతి


ధర్మవరం,
మార్చి 15

హేమకు,

మూడు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

నీకు వచ్చే పనిలో సగం భరత్ లారీలదే. అది పోతే షాపు నిలవదు. భర్త పోయాక నువ్వు ఆ షాపు మీదే బతికావు. నా మందులూ అక్కడి నుంచే వస్తున్నాయి, అది నాకు తెలుసు.

ఎస్సై అడిగింది కారణం. కారణం తెలియదని రాయడం నీ హక్కు. ఇలా రాయి: రెండు కీలూ కంపెనీవే, దొంగ కీ ఆనవాలు లేదు, నీళ్ల ఆనవాలు లేదు, లాక్ యూనిట్ లోపల చెడింది, కారణం చెప్పలేం. ఇందులో ప్రతాప్‌కు చెడు లేదు. జనవరి సంగతి దాచమని అడిగింది అతనే కదా.

కాగితం అడిగినంతే చెప్పాలి. అంతకంటే చెప్పనక్కర్లేదు.

మార్కండేయ


అనంతపురం,
మార్చి 24

అన్నకు,

నువ్వు చెప్పినట్టే రాసి 17న ఇచ్చాను. ఎస్సై చదివి, "నీళ్లు కాదు, దొంగ కీ కాదు, కారణం తెలీదు. అంటే వాడు ఏదో చేసినాడు, ఏం చేసినాడో నీకు తెలీలేదు. అంతేనా అక్కా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కాదు, ఉంది. నేను చెప్పలేదు. గురువారం కేసు కడతామని ప్రతాప్‌తో చెప్పారు.

బుధవారం పొద్దున ఇంకో కాగితం రాశాను. నీ దగ్గర ఉండటానికి నకలు రాస్తున్నాను:

"జనవరి 19న ఉరవకొండలో ఈ కారుకు లారీ నుంచి స్టార్ట్ ఇచ్చింది నేను. నా పొరపాటు వల్ల కారులోకి ఇరవై నాలుగు వోల్టులు పోయాయి. స్టీరింగ్ లాక్ యూనిట్ అందువల్లే చెడింది. కాలిన భాగం నా దగ్గర ఉంది. కారు అక్కడికి తెచ్చింది డ్రైవరు ప్రతాప్, తల్లిని చూడటానికి. యూనిట్ చెడటంలో అతని పని ఏమీ లేదు. మార్చి 17న కారణం తెలియదని రాశాను. అప్పటికే నాకు తెలుసు."

కింద సంతకం పెట్టి షాపు ముద్ర వేశాను. ఎస్సై రెండుసార్లు చదివాడు. తిప్పేస్వామిని పిలిపించాడు. అతను నేల చూస్తూ, "నిజమే సార్. హేమక్క క్లిప్పు మార్చింది, చూసినా" అన్నాడు. కేసు కట్టలేదు.

సాయంత్రం భరత్ వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నా కారు, నా లారీ, నా ఇద్దరు డ్రైవర్లు, నా మెకానిక్కు. ఊరంతటికీ తెలుసు, నాకొక్కనికే తెలీదు. నన్ను బాగానే ఎర్రోన్ని చేసినారే" అన్నాడు. "తప్పు నాది, కొత్త యూనిట్ నేనే వేయిస్తా" అన్నాను. "ఏపిస్తావులే. మూడు బండ్లూ రేపట్నుంచి ఈడికి రావు" అని లేచాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, రిపేరుకు వచ్చి షాపులో ఉన్న లారీలోంచి తన టార్చిలైటు అడిగి తీసుకుపోయాడు.

హేమావతి


ధర్మవరం,
మార్చి 27

హేమకు,

నేను చెప్పింది తప్పు. బండి చెడితే ముందు నువ్వు చేసిన పని చూసుకో అని నలభై ఏళ్లు మనుషులకు చెప్పాను. నీ కాగితం చదివి భయపడ్డాను. నీ కోసం అనుకున్నాను. మందుల మాట రాసినప్పుడే తెలియాల్సింది, నా కోసమని.

దానివల్ల ప్రతాప్ ఇంకో వారం ఆ బెంచీ మీద కూర్చున్నాడు. ఆ వారం నాది.

అతను ఏమన్నాడు? నువ్వు అది రాయలేదు.

మార్కండేయ


అనంతపురం,
ఏప్రిల్ 20

అన్నకు,

ఆలస్యానికి కారణం పని కాదు. ఇప్పుడు పని తక్కువే. ఆటోలు, ట్రాక్టర్లు వస్తున్నాయి.

భరత్ కారుకు బెంగళూరు నుంచి యూనిట్ తెప్పించి బిగించాను. కీలను దానికి పరిచయం చేయడానికి అక్కడి నుంచే ఒకతను లాప్‌టాప్‌తో వచ్చాడు. బటన్ నొక్కితే టక్కుమంది. భరత్ మనిషిని పంపి తీసుకుపోయాడు.

లైసెన్సు తిరిగి ఇచ్చే రోజు ప్రతాప్‌తోపాటు నేనూ స్టేషన్‌కు పోయాను. బయటికి వచ్చాక రోడ్డు పక్కన నిలబడి మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"దొంగ అనేది పోయిందక్కా. కాదనను. కానీ రాసేముందు నాకొక మాట చెప్పింటే, ఆ పొద్దే ఉరవకొండకు పోయి మా యమ్మకు నేనే చెప్పుకుంటాంటి. నీ కాగితంలో ఆమె మాట ఉండాదని ఎస్సై ఆమెను పిలిపించినాడు. ఆ దినం కారు ఎక్కినావా, యాడ తిరిగినావు అని అడిగినాడంట. ఎక్కితే తప్పని ఆమెకు తెలీదు. అంతమంది ముందర, తెలీక ఎక్కినా సామీ అనిందంట. చేతులు ఎత్తి మొక్కిందంట."

నేను తప్పైంది అన్నాను.

"ఇరవై నాలుగు పెట్టినప్పుడు తప్పు అనుకోలేదక్కా నేను. ఎవురికైనా అయితాది. నెలంతా నా పక్కన ఉండి చెప్పకుండా ఉన్నావే, అది." అంతవరకే అని, ఎస్తేరు స్కూలు విడిచే సమయం అయిందని పోయాడు. జనవరి సంగతి చెప్పవద్దని అడిగింది తనేనన్న మాట అతను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు కక్కలపల్లి మార్కెట్‌కు టమోటాలు తోలే బండి నడుపుతున్నాడు. మొన్న ఆ బండి మన వీధికి వచ్చింది. మన షాపు ముందు కాదు, ఎదురు షాపు ముందు ఆగింది. ఎడమ హెడ్‌లైటు మినుకుమంటోంది. యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది. రేడియేటర్ పక్కన ఎర్త్ వైరు వదులైతే అలా అవుతుంది. ఒక బోల్టు బిగిస్తే పోతుంది. ఎదురు షాపు వాళ్లు బల్బు మార్చారు. తర్వాత రెండో బల్బు తెచ్చారు. ఆ తర్వాత స్విచ్చి విప్పారు.

ప్రతాప్ బండి నీడలో కూర్చుని బీడీ కాల్చాడు. ఒకసారి ఇటు చూశాడు. నేను వాకిట్లోనే ఉన్నాను, చేతిలో స్పానరు ఉంది. మధ్యలో ఉన్నది ఇరవై అడుగుల రోడ్డు.

గంటన్నర తర్వాత ఎవరో ఆ బోల్టు కనుక్కున్నారు. లైటు వెలిగింది. అతను బండి తీసుకుని మార్కెట్ వైపు పోయాడు.

హేమావతి